ఎడమ చెవి అభిప్రాయాలు

పాటల గురించి నా అభిప్రాయాలు ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను. వీణతో మొదలై మధ్యలో గిటారు దూరే ఆల్బమ్‌లంటే నాకు ఒళ్ళు మంట. ప్రతి పాటకీ ముందు వాన చప్పుడు పెట్టేవాళ్ళని వింటే, వీళ్ళ దగ్గర వాయిద్యాలే లేవా అనిపిస్తుంది. పుస్తకాల్లో అయితే, నాయిక ఏడ్చినప్పుడల్లా మబ్బు పట్టిందంటే ఇక ఆ పుస్తకం ముట్టను. ఈ అభిప్రాయాలన్నీ మా ఆఫీసు బస్సులో, మదీనాగూడకీ కోకాపేటలోని ఆఫీసుకీ మధ్య ట్రాఫిక్‌లో పుట్టినవి. వాటిని ఓపిగ్గా వినేది ఒక్క మనిషి. ఆ మనిషి వెళ్ళి ఇంకొకరి పక్కన కూర్చున్న రోజు నాకు కడుపు మండిపోయింది.

ఆమె నాకంటే చిన్నది. నేను భీమవరం నుంచి వచ్చినదాన్ని, ఆమె ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది. టీములు వేరైనా ఎక్కే స్టాపు ఒకటే. నా పాత వైరు ఇయర్‌ఫోన్స్ ఇద్దరం పంచుకునేవాళ్ళం. కిటికీ పక్కన నేను. వైరులో ఎడమది నాకు, కుడిది ఆమెకి. భోజనాల దగ్గర ఎవరి చోటు వాళ్ళకి అలవాటైనట్టు అది కుదిరిపోయింది, ఎప్పుడూ మార్చుకోలేదు.

పుస్తకాల దగ్గర మాకు గొడవ ఉండేది కాదు. చదివి వినిపించే నవలలు వింటూ ఒకేచోట నవ్వేవాళ్ళం, ఒకేచోట విసుక్కునేవాళ్ళం. ఒక నవలలో మామగారు పోతేగానీ కథ కదలదని ఇద్దరికీ ఒకేసారి అనిపించింది. పాటల దగ్గర మాత్రం యుద్ధమే. అట్ట మీద ఖాళీ రైల్వే ప్లాట్‌ఫాం బొమ్మ ఉన్న ఆల్బమ్ ఒకటుంది. ఎవరో కుర్రాళ్ళ బ్యాండు. నాకది పోపు పెట్టడం మర్చిపోయిన పప్పులా ఉండేది. ఒక డప్పు, ఒక గొంతు, మధ్యలో బోలెడంత ఖాళీ.

“చరణానికీ చరణానికీ మధ్య ఏమీ లేకుండా వదిలేశారేంటే?” అన్నాను ఒకసారి.

“ఏం లేకపోవుడేంది? సన్నాయి ఎంత మంచిగుందక్కా! నాకైతే ఏడుపొస్తది.”

నాకు సన్నాయి వినిపిస్తే కదా! లేనిపోని గొప్పలకు పోతోందనుకుని బాగా వెక్కిరించాను. ఆమె పడీపడీ నవ్వింది. ఆ పోట్లాటే నాకు ఇష్టం. ఇంట్లో మా ఆయనకి పాట వినిపిస్తే “బాగుంది” అంటారు. అదే మొహంతో ఉప్మా కూడా బాగుందంటారు.

అంతలో ఆమె టీములో కొత్త అమ్మాయి చేరింది. మియాపూర్‌లో మాకంటే ముందే ఎక్కి, పక్క సీట్లో బ్యాగు పెట్టి ఆమె కోసం కాచుకునేది. “ఇయ్యాలొక్కరోజే అక్కా, జర పని మాట్లాడాలె” అంది నా మనిషి. ఆ ఒక్కరోజు ఎంతకీ అవలేదు. ఆ అమ్మాయి ఫోనుకి ఒకేసారి రెండు జతల వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కలుస్తాయట. ఇద్దరికీ చెరో జత. వెనక సీట్లోంచి చూస్తే రెండు తలలూ ఒకే తాళానికి ఊగుతుండేవి. వాళ్ళు వినేదేమిటా అని ఆరా తీశాను. ధ్యానం పాటలట, ఒకే స్వరం పట్టుకుని సాగదీసేవి. నిజం చెప్పాలంటే ఆ అమ్మాయి జడ కూడా నాకు నచ్చలేదు.

క్యాంటీన్‌లో కనిపించినప్పుడు నా మనిషి అమాయకంగా అంది, “ఆమెతోని వింటే పాట నిండుగ ఉంటదక్కా.”

అంటే నాతో విన్నదంతా వెలితా? ఆ సాయంత్రం బస్సులో ఉక్రోషంతో రెండు చెవుల్లోనూ నేనే పెట్టుకున్నాను. పంతం కొద్దీ ఆ ప్లాట్‌ఫాం ఆల్బమే పెట్టాను. కొత్తగూడ సిగ్నల్ దగ్గర మొదటి చరణం అయింది. కుడి చెవిలో సన్నాయి మొదలైంది.

కుడిది తీశాను, సన్నాయి పోయింది. అది పెట్టుకుని ఎడమది తీశాను, డప్పు పోయింది. ఆఫీసులో నేను టెస్టర్‌ని, ఇతరుల తప్పులు పట్టడమే నా ఉద్యోగం. నవల చదివే గొంతు రెండు వైపులా ఒకటే కాబట్టి అక్కడ మాకు తగువు రాలేదు. పాటలో వాయిద్యాలను చెరోవైపు సర్దారు. మేము ఆ పాటను సగానికి చీల్చుకుని, ఎవరి సగం గురించి వాళ్ళం పోట్లాడుకున్నాం. సన్నాయి ఆమె చెప్పినట్టే ఉంది. ఇన్నాళ్ళూ నా భుజానికి భుజం ఆనించి కూర్చుని అది తనొక్కతే విన్నదని ఆమె మీద కూడా అసూయ పుట్టింది.

మొన్న కొత్త అమ్మాయి సెలవు. పొద్దున బస్సులో నా మనిషి వచ్చి పక్కన కూలబడింది. “జర ఒకటి ఇయ్యక్కా.”

ఈసారి ఎడమది ఇచ్చాను. కుడిది నేను ఉంచుకున్నాను. ఫోనులో ప్లాట్‌ఫాం బొమ్మ తెరిచి, అడగకూడదనుకుంటూనే అడిగాను. “ఇది ఆ అమ్మాయితో విన్నావా?”

“లేదక్కా. ఇది మనది గద.”

నా ప్రాణం లేచొచ్చింది. పాట పెట్టాను. చరణం మధ్యలో నాకు సన్నాయి. ఆమె మొహంకేసే చూస్తున్నాను. కనుబొమలు ముడిచింది, తర్వాత వేళ్ళు ముందు సీటు మీద నెమ్మదిగా దరువెయ్యడం మొదలుపెట్టాయి.

“సన్నాయి ఏమాయె? అయినా ఈ డప్పు గింత మంచిగుందా! నువ్వెప్పుడు చెప్పనేలేదు.”

నిజమే, చెప్పలేదు. నచ్చనివి చెప్పడంలోనే నాకు పొద్దుపోయింది. ఇప్పుడు చెబుదామని, ఎడమా కుడీ సంగతంతా విప్పుదామని నోరు తెరిచాను.

“రేపు ఆమెకి వినిపియ్యాలె,” అంది కళ్ళు మూసుకుని.

పాట ఆపేశాను. ఆమె చెవిలోంచి వైరు తీసి చుట్టేసి బ్యాగులో పడేశాను.

“ఏమైందక్కా?”

“దిగాలిగా,” అన్నాను.

కోకాపేట సంగతి సరే, బస్సు ఇంకా గచ్చిబౌలి కూడా చేరలేదు.