సిద్దిపేట నుంచి కోడలి పరీక్షకు: తెర ఎర్రబడిన మధ్యాహ్నం

మా కోడలు శ్రావణి విద్యుదయస్కాంత తరంగాల మీద ఐదేళ్లుగా పరిశోధన చేస్తోంది. ఆఖరి మౌఖిక పరీక్ష హైదరాబాద్‌లో. ఈసారి తప్పితే చదువు మాన్పిద్దామని మావారు అప్పటికే రెండుసార్లు అన్నారు. అందుకే నేనూ వెంట బయలుదేరాను, ధైర్యం చెప్పడానికని. నిజానికి ఆమెకంటే నాకే భయం ఎక్కువ.

పొద్దున దీపం పెట్టి, ఏడింటికి జూబ్లీ బస్టాండు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపితే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. రెండున్నర గంటల దారిలో తన పని చెప్పింది. అల సాగే చోటును గళ్లుగా విడగొట్టి, అది ఎలా సాగుతుందో కంప్యూటర్ కొద్ది కొద్ది కాలం చొప్పున అడుగులేస్తూ లెక్కిస్తుందట. యాంటెన్నా సన్నటి కొన దగ్గర గళ్లు చాలా చిన్నవి. అక్కడ పెద్ద అడుగు వేస్తే లెక్క చెదురుతుంది, అంతటా చిన్న అడుగులే వేస్తే రోజులు పడుతుంది. కొన దగ్గరి గళ్లన్నిటినీ కలిపి ఒకేసారి సాధించి, మిగతా చోట మామూలు పద్ధతే ఉంచి పెద్ద అడుగులు వేయడం తన పని.

"గా లెక్క తప్పితే ఎట్ల బిడ్డా?"

"తప్పితే తెర మీద అందరికీ కనబడ్తది అత్తమ్మా."

ఆ తర్వాత నేను జపం ఆపలేదు.

బస్టాండు నుంచి యూనివర్సిటీకి ఆటో రెండొందలు. డ్రైవర్ అద్దంలో నన్నే చూస్తున్నాడు.

"పరీక్ష ఎవలికమ్మా?"

"మా కోడలికి."

"ఆమె మంచిగ ఇడ్లీ తింటుంది, చెమటలేమో మీకు. ఉల్టా ఉంది కథ!"

పదకొండున్నరకు పరీక్ష మొదలైంది. నేను వెనక వరసలో కూర్చున్నాను. అంతా ఇంగ్లిష్‌లోనే సాగింది, తెలియనివి శ్రావణి తర్వాత చెప్పింది. పన్నెండు దాటాక పరీక్షకుడు, ఒక పెద్దాయన, "అడుగు రెట్టింపు చేసి నడపండి" అన్నారు. "అంత పెద్దది ఎప్పుడూ నడపలేదు సార్" అంటూనే ఆమె నడిపింది. తెర మీద నీలి అల మెల్లగా సాగింది. అంతలో ఒక మూల ఎర్ర చుక్క. అది పాకి పాకి తెరంతా ఎర్రబడింది. బస్సులో చెప్పిన చెదరడం ఇదేనని నాకూ తెలిసింది.

"ఎందుకిలా అయింది?" అని ఆయన అడిగారు.

శ్రావణి చుక్క పుట్టిన చోటు చూపించింది. "ఇది కొన దగ్గర కాదు సార్, బయటి పెద్ద గళ్లలో. అక్కడ పాత పద్ధతే ఉంది. ఒక్క అడుగులోనే అల గడి దాటిపోతోంది. నా పద్ధతికి హద్దు ఇదే."

"మీ సిద్ధాంత గ్రంథంలో ఆ మాట లేదు. ఒక పేజీ కలపండి. చాలు," అన్నారాయన.

బయటికొచ్చాక, ఆ పేజీ కలిపితే పాసైనట్టేనని చెప్పి శ్రావణి నవ్వింది. "అత్తమ్మా, ఏడుస్తున్నరా?"

"లేదు బిడ్డా, ఆ ఎరుపు చూసి కళ్లు మండుతున్నయ్."

ఇలాంటి పరీక్షకు ఇంటివాళ్లు కూర్చోవచ్చో లేదో ముందే అడిగి పెట్టుకోండి. తిరుగు బస్సు కోసం నాలుగున్నరలోపు బస్టాండు చేరితే సీటు దొరుకుతుంది.

ఆ తెర తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే. ఏదీ చెదరనీయకు స్వామీ అని దారంతా వేడుకున్నాను. చెదరనే చెదిరింది, అయినా ఎందుకు చెదిరిందో ఆమె చెప్పగలిగింది. మావారికి ఎదురు మాట చెప్పడం నాకు అలవాటు లేదు. ఇంటికి రాగానే, ఆమె ముందుముందు ఇంకా చదువుతానన్నా మాన్పించే మాట ఇక ఎత్తొద్దని చెప్పాను.