మైకు ముందు మింగిన మాట

పెన్నలో ఆ వరద దిగి ఏళ్లయింది. నా గొంతులో అడ్డం పడింది మాత్రం మొన్నటిదాకా దిగలేదు. మీకూ చెప్పుకోవాలి. మీరూ ఏదో ఒక ఏటి గట్టున ఉండేవాళ్లే కావచ్చు.

విపత్తు నిర్వహణ నా ఉద్యోగం. అందులో మొదటి మాటకే న్యాయం చేశాను. జమ్మలమడుగు దగ్గర ఏటి పక్క ఊళ్లో, మసీదు మైకు పిలవగానే జనం మిట్టమీది బడికి చేరేలా అలవాటు చేయించాలి. దాన్ని మాక్ డ్రిల్ అంటారు. నేను దాన్ని మాకు డ్రిల్, పైవాళ్లకు ఫోటో అన్నట్టు కానిచ్చాను. మిట్ట ఎక్కించకుండా మసీదు ముందే నిలబెట్టి ఫోటో తీసి పంపేవాణ్ణి. మసీదు పక్కింట్లో బట్టలు కుట్టే కాసింబీని ముందు వరసకు పిలిచి, వచ్చేసారి కాస్త ముస్తాబై రమ్మని చెవిలో చెప్పాను కూడా.

మరుసటేడు పైన డ్యాం గేట్లెత్తారు. నిజం నీళ్లు. మైకులో పిలుస్తున్నాను. పక్కనే మా పై అధికారి. కాసింబీ కిటికీలోంచి తొంగిచూసింది.

"అక్కా, నీళ్లొస్తాండాయి, బిన్నా రా!"

"ఉండప్పా, పౌడరేసుకొని వస్తా. పోయినతూరి ఫోటోలో దయ్యం మాదిరి పడినా గదా!"

"ఈతూరి ఫోటో కాదక్కా, నిజం" అంటే సరిపోయేది. అంటే, ఇంతకుముందువి ఏమిటని పక్కనున్నాయన అడుగుతాడు. ఆ భయం నీళ్లకంటే ముందు నన్ను చేరింది. మళ్లీ పాత మాటలే, పాత గొంతుతోనే పిలిచాను.

అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. అద్దం ముందే ఉన్న కాసింబీ కాలు మీద గోడ కూలింది. మిషను తొక్కే కాలు.

"సారే ముస్తాబై రమ్మన్యాడు" అని ఆమె అందరికీ చెప్పింది. నన్నడిగితే, "పౌడరేసుకోమనే గవర్నమెంటు యాడన్నా ఉంటాదా?" అన్నాను. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను? అప్పటినుంచి ఆమె ఆ ఊరికి వరదలో పౌడర్ పూసుకున్న మనిషి. నేను ఊరిని కాపాడిన సారును.

పోయిన నెల ఆ ఊరికి కొత్త వరద ప్రణాళిక వేయడానికి మళ్లీ నన్నే పంపారు. నిజం తెలియని ఊరికి ఏం ప్రణాళిక వేస్తాను? బళ్లో, అధికారుల ఎదుట, ఆమె ఎదుట, అంతా చెప్పేశాను. సంజాయిషీ అడిగారు. ఇస్తాను.

ఎవరూ నవ్వలేదు. కాసింబీ కాలీడ్చుకుంటూ ముందుకొచ్చింది. నన్నడిగింది: "ఈ కాలితో మిట్టెక్కాలంటే ఎంతసేపు పడ్తాదో నీ ప్లానులో ఉందా?"

"లేదక్కా."

"మరి నడువు, చూద్దాం."

అందరం కిందికి దిగి మసీదు దగ్గర మొదలుపెట్టాం. ఆమె ముందు, ఆమె వేగానికే ఊరంతా వెనక. ఆమె నన్ను మన్నించలేదు, నేనూ అడగలేదు. ఆఖరున నడుస్తున్నాను. మిట్ట ఎక్కుతుంటే ఆయాసం రావాలి కదా, నాకు ఊపిరి ఆడింది.