సత్యవతి పరగడుపు

కోవిడ్ గొడవ సద్దుమణిగిన మరుసటి సంవత్సరం నన్ను కారైకాల్ నుంచి యానాంకి బదిలీ చేశారు. హోదా సీనియర్ మెడికల్ ఆఫీసర్. పదవీ విరమణకి ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. పుదుచ్చేరి ప్రభుత్వంలో పనిచేసే మాలాంటి తెలుగువాళ్లకి యానాం బదిలీ అంటే సగం ఇంటికి చేరినట్టే. రోగితో మాట్లాడ్డానికి తడుముకోనక్కర్లేదు, పెసరట్టు కోసం అసలే వెతుక్కోనక్కర్లేదు. నేను పనిచేసిన ఆరోగ్య కేంద్రం ఫరంపేట వైపు ఉండేది. గేటుకి ఎదురుగానే సత్యవతి టిఫిన్ కొట్టు. మా సిబ్బంది హాజరు పట్టీలో సంతకం పెట్టేలోపే అక్కడ హాజరు వేయించుకునేవారు.

సత్యవతికి నలభై దాటాయి. భర్త అప్పారావు ఆటో నడుపుతాడు. ఆమె మొదటిసారి నా ఓపీకి వచ్చింది ముంజేతి మీద కాలిన గాయంతో. పెనం ముందు నిలబడే కునుకు తీసిందట. ముఖం ఉబ్బి ఉంది, గొంతు బొంగురుపోయింది, జుట్టు రాలుతోంది. ఏడాదిలో జాకెట్లన్నీ రెండుసార్లు కుట్లు విప్పుకోవాల్సి వచ్చిందని చెప్పింది. అప్పారావు వెనకనుంచి అందుకుని, "ఏదో రోజు బూరెల మూకుట్లో పడిపోద్దండి. కొట్టు అద్దెకిచ్చేద్దామంటే ఇనదండి" అన్నాడు. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ కొట్టు ఆమె సొంతంగా పెట్టుకున్నది. ఒళ్లు సహకరించకపోతే అది చేజారుతుందని ఆమెకీ తెలుసు.

రక్తపరీక్షలో థైరాయిడ్ మందగించినట్టు తేలింది. చదివేవాళ్ల కోసం ఒక ముక్క చెబుతాను. మెడలో ఉండే ఈ గ్రంథి బద్ధకిస్తే, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి పనిచెయ్యమని దాన్ని గద్దిస్తుంది. ఆ గద్దింపు కొలతే టీఎస్‌హెచ్. అది ఎంత పెరిగితే థైరాయిడ్ అంత మొద్దునిద్రలో ఉన్నట్టు. తక్కువైన హార్మోన్‌ని థైరాక్సిన్ మాత్రగా ఇస్తాం. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. మార్చినప్పుడల్లా ఆరు వారాలైనా ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తాం. మాత్రని పరగడుపున మంచినీళ్లతో మింగి, గంటసేపు ఏమీ ముట్టకూడదు. కాఫీ అయితే మరీ పనికిరాదు, మందుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు.

ఇవన్నీ చెప్పాను. ఆమె బుద్ధిగా తలూపింది. ఆరు వారాలయ్యాక చూస్తే టీఎస్‌హెచ్ కదల్లేదు. మోతాదు పెంచాను. మళ్లీ అంతే. ఇంకా పెంచాను. ఈసారి పిసరంత తగ్గింది. సత్యవతి మాత్రం అలాగే ఉబ్బరంగా, నిద్రమత్తుగా కూర్చుంది. పరగడుపునే వేసుకుంటున్నావా అని అడిగితే నొచ్చుకుంది. తానం చేసి, దీపం పెట్టి, దేవుడి ముందే మింగుతున్నానండి, ఆయ్, అంది. మందు ఇంకా పెంచమని కూడా అడిగింది. అగ్రహారంలో ఎవరో రెండేసి వేసుకుని సన్నబడిపోయారని కొట్టుకొచ్చేవాళ్లు చెప్పారట. నాకు అక్కడే అనుమానం వచ్చింది. అంత మోతాదుకి లొంగని థైరాయిడ్ అరుదు. మందు లోపలికి చేరడం లేదన్న మాట. కారణం తెలియకుండా పెంచుకుంటూ పోతే, అది చేరడం మొదలైన రోజున గుండె మీద పడుతుంది.

కారణం వెతకడానికని చెప్పుకుని, నిజానికి సగం పెసరట్టు మీద మనసుతో, ఒకరోజు తెల్లవారుజామున నడకకి బయల్దేరి ఆ కొట్టు బల్ల మీద కూర్చున్నాను. సత్యవతి నన్ను చూసి మురిసిపోయి, నా ఎదురుగానే దేవుడి పటానికి దణ్ణం పెట్టి మాత్ర మింగింది. ఆ తర్వాత పనిలో పడింది. ఇడ్లీ పిండిలో ఉప్పు సరిపోయిందో లేదో నాలిక్కి రాసుకుంది. కొబ్బరి చట్నీ అరచేతిలో వేసుకుని నాకింది. అల్లం పచ్చడి అలాగే. సాంబారు గరిటెడు. మొదటి వాయి ఇడ్లీలు ఆ కొట్లో అమ్మరు. ఉడికాయో లేదో చూడాలి కాబట్టి అందులో ఒకటి ఆమెది. చివరికి డికాక్షన్ ఎలా దిగిందో చూడ్డానికి అరగ్లాసు కాఫీ.

ఇదా నీ పరగడుపు అన్నాను. ఆమె నిజంగానే తెల్లబోయింది.

"తినలేదండి డాక్టరమ్మగారూ, రుచి సూశానండి! కార్తీక సోమారం ఉపోసాలు కూడా ఇలాగే ఉంటానండి. ఆ శివుడే ఏమీ అనలేదు, మీ మాత్ర అంటాదా?"

నా ముప్పయ్యేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అబద్ధమాడిందనడానికీ లేదు. వంట చేసేవాళ్ల లెక్కలో రుచి చూసింది కడుపులోకి పోదు.

గంటసేపు రుచి బాధ్యత అప్పారావుకి అప్పగించమన్నాను. అది నా వైద్యంలో విఫలమైన ప్రయోగాల్లో ఒకటి. అప్పారావు నాలిక్కి ఉప్పు ఎంత పడినా చాలదు. చట్నీ తిన్నవాళ్లు చెంబులు చెంబులు నీళ్లు తాగి, ఎవరి పనండీ ఇది అంటే, ఎదురుగా ఉన్న డాక్టరమ్మగారు చెప్పారని ఆయన నిజాయితీగా నా పేరు చెప్పాడు. మా ఫార్మసిస్టు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

ఇక మిగిలిన దారి మాత్రని ముందుకి జరపడం. నిద్ర లేవగానే మింగితే, స్నానం, పూజ, ముగ్గు అయ్యేసరికి గంట దాటుతుంది. సత్యవతి ససేమిరా అంది. స్నానం చెయ్యకుండా, దీపం పెట్టకుండా నోట్లో ఏదీ వేసుకోవడం ఆమె పుట్టి బుద్ధెరిగాక లేదు. అప్పుడు నేను ఆమె లెక్కే ఆమెకి అప్పజెప్పాను. ఇడ్లీ ముక్క నమిలి మింగినా తిన్నట్టు కానప్పుడు, నమలకుండా మింగే ఇంత చిన్న మాత్ర తిన్నట్టెలా అవుతుంది? "అదీ నిజమేనండి" అంది చివరికి, ఓడిపోయిన ముఖంతో.

ఇప్పుడు మందు పూర్తిగా పడుతుంది కాబట్టి మోతాదు బాగా తగ్గించి రాశాను. లావు తగ్గాలంటే మందు పెంచాలి గానీ తగ్గిస్తారా అని సణుక్కుంటూ వెళ్లింది. పాత సీసాలో ఎక్కువ మోతాదు మాత్రలు మిగిలాయి. నాకు చెప్పకుండా అవే వేసుకుంది. కొన్ని వారాల్లో చిక్కింది. కొత్త జాకెట్టు వేసుకుని చూపించడానికే ఓపీకి వచ్చింది. నాడి పట్టుకుంటే పరుగులు పెడుతోంది. చేతులు చాపమంటే వేళ్లు వణుకుతున్నాయి. నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. పెద్దాసుపత్రికి పంపి ఈసీజీ తీయించాను. గుండె లయ తప్పలేదు, అదృష్టం. కరిగింది కొవ్వొక్కటే కాదు, కండ కూడా, ఇలాగే సాగితే ఎముకలూ గుల్లబారతాయి అని గట్టిగా చెప్పాను. గుండె, కండ, ఎముక, ఏదీ ఆమెని కదిలించినట్టు లేదు. అప్పుడు అప్పారావు నోరు విప్పాడు.

"అట్టు గుండ్రంగా రావట్లేదండి. పిండి తిప్పుతుంటే సెయ్యి వణుకుతుందండి. నిన్న ఇద్దరు అడిగేశారండి, సత్తెమ్మ మానేసిందా, ఎవరన్నా కొత్తోళ్లని పెట్టారా అని."

సత్యవతి తన చేతుల వంక చూసుకుంది. మర్నాడు పొద్దున్నే ఆ సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

తర్వాతి పరీక్షల్లో టీఎస్‌హెచ్ దారికొచ్చింది. మత్తు పోయింది, వణుకు పోయింది, అట్టు గుండ్రంగా వచ్చింది. పోయిన బరువులో కొంత తిరిగొచ్చింది. థైరాయిడ్ వల్ల పెరిగే బరువు కొంతే, అందులోనూ చాలా వరకు నీరు, మాత్ర దించేది అదొక్కటే అని చెప్పాను. మిగతాది మొదటి వాయి ఇడ్లీలదంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. జాకెట్టు కుట్లు ఒకసారి విప్పుకుని, అంతటితో ఊరుకుంది. కొట్టు అద్దెకిచ్చే మాట అప్పారావు మళ్లీ ఎత్తలేదు.

మాత్ర పరగడుపున వేసుకుంటున్నారా అని ఆ తర్వాత నేనెవర్నీ అడగలేదు. అందరూ అవుననే అంటారు, ఎవరి లెక్కలో వాళ్లు నిజమే చెబుతారు. నిద్ర లేచాక మొదట నోట్లో ఏం పడింది, తర్వాత ఏం పడింది అని వరసగా చెప్పించుకునేదాన్ని. తిన్నారా అన్న మాట వాడేదాన్ని కాదు.