నార్దు ఎడమ భుజం

నార్దు గెలిచిన తగువుల్లో నేను దగ్గరుండి చూసింది ఒకటుంది. తొమ్మిదేళ్ళ కిందటి మాట. ఓడ దిగి నాలుగు రోజులు మా రేవుపట్నం వాలెట్టా చూసిపోదామని వచ్చిన డాక్టరొకాయన మా మెట్ల వీధిలో, నార్దు ఉండే మేడలోనే అద్దెకు దిగాడు. ఎండలు మండుతున్నాయి. నార్దు బనీనుతో గుమ్మంలో కూర్చున్నాడు. ఎడమ భుజం మీద బన్ను రొట్టెంత బొడిపె చూసి డాక్టరు ఆగాడు.

“పెద్దాయనా, దీన్ని కోయించేసుకోండి. అరగంట పని.”

“మీ డాక్టరు చదువు ఎన్నేళ్ళు?”

“ఏడు.”

“ఇది రావడానికి నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది. ముందు మీ పట్టా చింపెయ్యండి, తర్వాత దీని సంగతి చూద్దాం.”

డాక్టరు పెట్టె ఈడ్చుకుంటూ మెట్లెక్కాడు. దాని చక్రాలు ప్రతి మెట్టుకీ మూలిగాయి.

అది రోగం కాదు, మోతకు కాసిన కాయ. ఏటా ఫిబ్రవరిలో పునీత పౌలు కొయ్య విగ్రహాన్ని ఊరేగిస్తారు. ముందు వరసలో ఎడమ మోతకర్ర నార్దుది. రేవులో బస్తాలు కూడా మోసేవాడు, కుడి భుజం మీద మాత్రమే. ఎడమది పునీతుడికి అట్టేపెట్టుకున్నాడు.

నేను పక్క పేటదాన్ని. మాది పునీత దొమినిక్ చర్చి. పండగల దగ్గర పౌలు పేటకీ మాకూ పడదు. ఎదురింటికి కోడలిగా వచ్చి యాభై ఏళ్ళయినా పౌలు ఊరేగింపు చూడ్డానికి గడప దాటలేదు. మా పేటకు పరువుంది.

మూడేళ్ళ కిందట నార్దు కాళ్ళు చచ్చుబడ్డాయి. ఉండేది మూడో అంతస్తు. మా వీధి మెట్లలోకి ఊరేగింపు రాదు. మోసేవాళ్ళు నలుగురొచ్చి కుర్చీలో దింపుతామన్నారు.

“నేను మోసినవాణ్ణిరా. నన్ను మొయ్యడానికి ఒక్క రోజుంది, అది ఇంకా రాలేదు. పొండి.”

వాళ్ళు వెళ్ళాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ ఏడు పండగ ముందురోజు జున్ను వేసిన సూపు పట్టుకెళ్ళాను.

“ఉప్పేదీ? మీ పేటలో ఉప్పుకీ కరువేనా?”

“కాళ్ళు పోయినా నోరు పోలేదు నీకు. తాగు.”

తాగి గిన్నె పక్కన పెట్టాడు. 

“మేనా, ఒక పని చేసిపెట్టు. మావాళ్ళనడిగితే జాలిపడతారు. నువ్వు పడవు.”

“పడను. చెప్పు.”

“రేపు వీధి చివర విగ్రహాన్ని ఆపుతారు, మోసేవాళ్ళు అలుపు తీర్చుకోడానికి. ముందు ఎడమ కర్ర. నా భుజం ఆనినచోట నున్నగా అరిగి ఉంటుంది. అక్కడ అరచెయ్యి పెట్టు. తర్వాత చెయ్యి కడుక్కోకు, దేన్నీ ముట్టుకోకు. తిన్నగా పైకొచ్చి ఆ చెయ్యి నా భుజంమీద పెట్టు.”