క్రీములో కలిపిన మగ్గం గంజి

1995లో గుడియాత్తంలోని ఒక చిన్న క్రీముల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే కెమిస్టుగా చేరాను. యజమానిది మగ్గాల కుటుంబం. విదేశీ క్రీములు బజారులోకి వచ్చి పడుతుంటే, ఆ పని మనమెందుకు చేయలేమని మొదలుపెట్టిన మనిషి.

ముఖానికి రాసే క్రీము చిక్కగా నిలవడానికి కార్బోమర్ అనే దిగుమతి పొడి వాడేవాళ్ళం. గిర్రున తిరుగుతున్న నీటిలో దాన్ని కొద్దికొద్దిగా చల్లాలి, తొందరపడితే ఉండలు కడుతుంది. నానాక కాస్త క్షారం కలిపితే, అప్పటిదాకా పలచగా ఉన్నది చూస్తుండగానే గట్టిపడుతుంది. ఖరీదెక్కువని యజమాని రోజూ గొణిగేవాడు.

నేను సెలవు నుంచి తిరిగొచ్చేసరికి వేలూరు దుకాణాలవాళ్ళు డబ్బాలు వాపసు పంపి ఉన్నారు. మూత తీస్తే పులిసిన వాసన, పైన నల్లటి బూజు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ప్యాకింగులో పనిచేసే రాజమ్మ చేతులు శుభ్రంగా లేవని చెప్పి యజమాని ఆమెను అందరి ముందూ తీసేశాడు.

"నేను యాడ తప్పు చేసినాను సార్? గ్లవుజులు వేసుకొనే ఉంటిని గదా" అని ఆమె గేటు దగ్గర నన్ను నిలదీసింది.

ప్రతి బ్యాచిలోనూ ప్యాకింగుకు పోకముందే, కలిపే తొట్టి నుంచి నేరుగా ఒక నమూనా తీసి సీలు వేసి పెట్టడం మా పద్ధతి. దాన్ని రాజమ్మ తాకే అవకాశమే లేదు. సీలు తీశాను. అదే పులిసిన కంపు. అయోడిన్ చుక్క వేస్తే నీలమైపోయింది. కార్బోమర్ అలా మారదు, గంజి మారుతుంది. మిక్సింగ్ ఆపరేటరును గట్టిగా అడిగితే ఒప్పుకున్నాడు. నేను లేనప్పుడు యజమాని తన మగ్గాల షెడ్డు నుంచి పడుగు దారాలకు పూసే గంజి తెప్పించి, కార్బోమర్‌కు బదులు కలిపించాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. గంజి ఏ పూటకాపూట కాచుకోవాలని నేతపని ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. నేరుగా ఆయన గదిలోకి వెళ్ళి, మీ ఇంట్లో నిన్నటి గంజిని పడుగుకు పూస్తారా అని అడిగాను.

ఆయన తడబడలేదు. "పడుగు మాది గదప్పా. క్రీము కొనేవాళ్ళది" అన్నాడు.

సరుకంతా పారబోయించాను. రాజమ్మను పిలిచేదాకా ఇంకే బ్యాచినీ వదలనన్నాను. ఆయన నన్ను పంపేసి వేరే కెమిస్టును చూసుకున్నాడు. ఆమెను పిలిస్తే తన తప్పు ఒప్పుకున్నట్టవుతుంది కాబట్టి పిలవలేదు.

పడుగు మాదన్న ఆయన మాట తలచుకుంటే ఇప్పటికీ కోపమే వస్తుంది. క్రీములో గంజి ఉన్నదీ లేనిదీ ఒక్క చుక్కతో తేల్చవచ్చు. నిజం తేలినంత మాత్రాన పోయిన పని తిరిగి రాదని మాత్రం అక్కడే నేర్చుకున్నాను.