నేను చూడని ఫోటో

1938లో మార్కాపురం బజారులో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉండేది. అప్పటికి ఊరికి కరెంటు రాలేదు. పగటి ఎండతోనే మా పనంతా. ఫోటోలు తీయడమే కాక, సరదాపడ్డవాళ్లకు మద్రాసు నుంచి కెమెరాలు తెప్పించి ఇచ్చేవాణ్ణి.

ఆ చలికాలంలో పలకల వ్యాపారి ఖాసిం వచ్చి, కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"అన్నా, మా అమ్మ హజ్‌కు పోతాంది. ఈ వయసులో ఓడ ప్రయాణం. తిరిగొస్తాదో లేదో అల్లాకే ఎరుక. ఒక్క ఫోటో ఉండాల మాకు."

"తీసుకురా, తీస్తాను."

"పరాయి మగోళ్లకు మొగం చూపీదు. నేనే తీస్తా. నాకు వచ్చే కెమెరా ఏదో చూపియ్యి."

డబ్బా కెమెరా చవకే కానీ, ఇంటి వసారాలోని మసక వెలుగు దానికి చాలదు. అందుకని ఫోల్డింగ్ కెమెరా ఇచ్చాను. పుస్తకంలా తెరుచుకుంటుంది, కంటికి ఆనించి చూడాలి. ముందు ఫిలిం లేకుండా ఇంట్లో అలవాటు చేసుకోమన్నాను. మర్నాడే తిరిగి తెచ్చాడు.

"మా అమ్మ కొంగు కప్పేసుకునింది అన్నా. 'ఒక కన్ను మూసి గురిపెడతావేందిరా, నేనేమన్నా కుందేలునా?' అంటాంది."

నవ్వు ఆపుకోలేకపోయాను. అప్పుడు ట్విన్ లెన్స్ కెమెరా బయటికి తీశాను. దానికి ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు. కింది దానితో ఫోటో పడుతుంది, పై దానితో మనం చూస్తాం. కెమెరాను పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజుపలకలో బొమ్మ చూసుకోవాలి. రోల్ ఫిలిం నెగెటివ్ కాస్త పెద్దది కాబట్టి, దాన్ని ఫోటో కాగితం మీద పరిచి ఎండలో పెడితే అదే సైజు ఫోటో వస్తుంది. ఆ పని ఖాసిం ఇంటి మిద్దె మీదే చేసుకోవచ్చు, నాకు చూపక్కర్లేదు.

ఈసారి ఆమె కొంగు కప్పుకోలేదట. తల వంచుకున్న కొడుకుతో ప్రయాణం కబుర్లు చెబుతూ కూర్చుందట.

కానీ అలవాటు కోసం తీసిన మొదటి రోల్లో అతని బావమరిది కడుపులోంచి మేక తొంగిచూసింది. ఒక ఫోటో తీశాక ఫిలిం తిప్పడం మరిచి, దాని మీదే ఇంకోటి తీశాడు. ఖాసిం మొహం వాడిపోయింది. తల్లి ప్రయాణం దగ్గరపడింది మరి.

"నొక్కేముందు ఏమనుకుంటావు?" అని అడిగాను.

"బిస్మిల్లా అంటా."

"నొక్కినాక, పని అయినందుకు అల్‌హందులిల్లా అనుకుంటా ఫిలిం తిప్పు. అది అననిదే తల ఎత్తగాకు."

తల్లిని ఫోటో తీసి, రైలెక్కించి, ఆ రోల్ పట్టుకుని నేరుగా నా దగ్గరికే వచ్చాడు. ఇక మళ్లీ తీసే వీల్లేదు. అది ఫోటోలు కడిగేటప్పుడు పెట్టుకునే ఎర్రదీపాన్ని కూడా ఓర్చుకోని ఫిలిం. ఇద్దరం చీకటిగదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాం. చేతి అంచనాతోనే కడిగి, బొమ్మను నిలబెట్టే హైపో నీళ్లలో వేశాను. అది పనిచేసేదాకా ఆగి, నేను బయటికొచ్చి తలుపు మూశాక, అతను లాంతరు వెలిగించాడు.

"అన్నా! అంతా చెడిపోయింది! అమ్మ తెల్లచీర నల్లగా పడింది, మొగం గూడా నలుపే!"

"నెగెటివ్‌లో అట్లే ఉంటాది. కాగితం మీద మళ్లీ తెల్లగా వస్తాది. కంగారుపడకుండా చూడు. మొగం మీద ముడతలు తెలుస్తాండాయా?"

"తెలుస్తాండాయి."

చూడకుండా ఫోటో మంచిచెడ్డలు చెప్పడం నాకు అదే మొదలు.

"ముక్కుపుడక పెట్టుకునిందా? ఆడ ఏముంది?"

లాంతరు దగ్గరికి జరిపిన చప్పుడైంది.

"సూదిమొనంత నల్లచుక్క, అన్నా."

"అది మెరుపు. అంత సన్నంగా పడిందంటే మీ అమ్మ చక్కగా వచ్చినట్లే."

లోపల ఖాసిం ఏడుస్తున్నాడు. తలుపు బయట నాకూ కళ్లు చెమర్చాయి.

ఆమె క్షేమంగా తిరిగొచ్చింది. నన్ను పిలిపించి, పరదా వెనక నుంచే ఖర్జూరాల పళ్లెం ముందుకు తోసింది.

"తిను నాయనా. నన్ను సూడకుండానే బాగా తీపిచ్చినావు."

అప్పటినుంచి కొత్తవాళ్లెవరైనా ఏ కెమెరా మంచిదని అడిగితే, నేను లెన్సుల సంగతి ఎత్తను. ముందు ఎవరిని తీయబోతున్నారో అడుగుతాను. ఆ ఫోటో ఇప్పటికీ ఖాసిం ఇంటి లోపలి గదిలో ఉంది. ఇన్నేళ్ల నా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫోటో అదే.