భిక్షపతికి గిట్టని చప్పుడు

సిద్దిపేటలో భిక్షపతికి గిట్టనిది ఒక్కటే, గేరు కర్రుమనడం. పక్కింట్లో డప్పులు మోగినా, ఇంటి మీద పిడుగు పడినా నిద్ర లేవని మనిషి, వీధి చివర ఎవడైనా క్లచ్ సరిగ్గా తొక్కక గేరు గీరితే మాత్రం కడుపు పట్టుకుని లేచి కూర్చునేవాడు. లారీలు నడిపి నడిపి మానేశాక ఆయనకు మిగిలిన పని ఇదొక్కటే.

ఒకసారి హోటల్ ముందు చాయ్ తాగుతుంటే ఓ లారీ కర్రుమంటూ కదిలింది. భిక్షపతి గ్లాసుతోనే రోడ్డుకు అడ్డం నిలబడ్డాడు.

"ఏందయ్యా గది? గేర్ల పండ్లు రాలగొడ్తున్నవ్!"

"నీకేందే ముసలాయనా? బండి మా సేటుది."

"బండి సేటుదే, చెవులు నావి!"

మేనకోడలి పెళ్ళికి జగదేవ్‌పూర్ పోతూ జీపు డ్రైవర్ గేర్లు వేసే తీరు భరించలేక సగం దారిలో దిగిపోయాడు. ఎండలో నడిచి చేరేసరికి వంటవాళ్లు గంగాళాలు కడుక్కుంటున్నారు. "నడ్సుకుంట వచ్చినవా మామా?" అని పెళ్ళికూతురు కళ్లనీళ్లు పెట్టుకుంది. "నడ్సుకుంట గాదు బిడ్డా, బత్కి వచ్చిన" అన్నాడు.

ఆయన మెచ్చిన చెయ్యి ఒక్క నాగేశానిదే. నాగేశానికి వెనక తొట్టి ఉన్న జీపు బండి ఉండేది. నాలుగు చక్రాలూ లాగే బండి. పొలాల్లో బోరు మోటార్లు కాలిపోతే, ఇసుకలోకైనా బురదలోకైనా పోయి మోటారు తెచ్చి, వైండింగ్ చేయించి మళ్లీ దింపి వచ్చేవాడు. "వాడు గేరేస్తే పాలల్ల చక్కెర కరిగినట్టుంటది" అనేవాడు భిక్షపతి.

తొంభై రెండులో పచ్చకామెర్లు ముదిరి నాగేశం పోయాడు. బండి ఇంటి ముందు దుమ్ము పట్టింది. అతని తమ్ముడు రామేశ్వర్ కొనేవాణ్ణి వెంటబెట్టుకు వచ్చాడు. నాగేశం భార్య సులోచన గడపలోనే నిలబడి, "బండి అమ్మేది లేదు. నేనే నడుపుత" అంది.

రామేశ్వర్ నోరు తెరిచాడు. "వదినా, స్కూటర్ ఎక్కనీకే భయపడ్తవు. గా బండికి రెండు గేరు రాడ్లున్నయి!"

"నేర్చుకుంట."

ఊళ్లో ఏ డ్రైవరూ ముందుకు రాలేదు. భర్త పోయిన ఆడమనిషి పక్కన కూర్చుంటే లోకం ఏమనుకుంటుందోనని ఒకరు, ఆడవాళ్లకు రాదని ఒకరు. చివరికి ఆమె భిక్షపతి దగ్గరికే పోయింది. ఆయన తిట్లకు భయపడుతూనే అడిగింది.

"కాకా, నాకు బండి నేర్పుతవా?"

భిక్షపతి "పొద్దున్నే వస్త బిడ్డా" అన్నాడు. ఆ మాట తెలిసి హోటలంతా నవ్వింది. భిక్షపతి వారం బతకడని పందాలు కాశారు.

మర్నాడు ఆయన చెవులు కప్పేలా తలకు రుమాలు బిగించి చుట్టుకుని వచ్చాడు. ఇంజను ఆపి ఉండగానే అంతా చెప్పాడు. క్లచ్ ఒకసారి తొక్కి గేరు తీయాలి, వదిలి మళ్లీ తొక్కి ఇంకో గేరు వేయాలి. పక్కనున్న చిన్న రాడ్డు ఇసుకలో, బురదలో నాలుగు చక్రాలకూ బలమిస్తుంది. తర్వాత రుమాలు ఓసారి సర్దుకుని, "ఇగ ఇంజను చాలు జెయ్" అన్నాడు.

సులోచన గేరు వేసింది. కర్ర్ర్! పిట్టలు ఎగిరిపోయాయి. ఆమె కళ్లు మూసుకుని తిట్ల కోసం ఎదురుచూసింది. భిక్షపతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "మల్లెయ్యి బిడ్డా" అన్నాడు. అంతే.

రోజులు గడిచాయి. సీటు నాగేశం పొడుగుకు తగ్గట్టు వెనక్కి బిగించి ఉంది. ఆమె కాలు క్లచ్‌కు అందీ అందదు. "ముందుకు జరిపిస్త" అని భిక్షపతి అంటే వద్దంది. అది నాగేశం కూర్చున్న చోటు. వీపు వెనక దిండు పెట్టుకుంది. ప్రతి గేరూ కర్రుమంది. భిక్షపతి ప్రతిసారీ "మల్లెయ్యి బిడ్డా" అన్నాడు.

ఒక ఉదయం బండి నడుస్తుండగా సులోచనకు ఏడుపు ఆగలేదు. ఎవరికీ చెప్పనిది బయటికి వచ్చేసింది.

"ఆఖరి దినం ఆయనను ఈ తొట్టిలనే పండవెట్టి పట్నం దవాఖానకు తీస్కపోయినం కాకా. రామేశ్వర్‌కు సరిగ రాకున్నా వాడే నడిపిండు. గేరు మార్చినప్పుడల్లా బండి గుంజుతుండె. నా ఒళ్లె తలకాయ పెట్టుకోని, 'రెండుసార్లు తొక్కుమను సులోచనా' అని మూల్గుతుండె. ప్రజ్ఞాపూర్ దాటినంక గది గూడ అనలే. నాకు నడపొస్తే మెల్లగ తీస్కపోకపోదునా?"

భిక్షపతి ఓదార్చలేదు. అడ్డురాలేదు. ఆమె ఏడ్చినంతసేపూ రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆమె భుజం మీద చెయ్యి వేసి, "మల్లెయ్యి బిడ్డా" అన్నాడు. గుండె మీది బరువు కొంత దిగినట్టనిపించింది సులోచనకు.

ఎండలు ముదిరాక ఇబ్రహీంపూర్ అవతలి నుంచి ఐలవ్వ అనే రైతు వచ్చింది. "మోటరు కాలింది బిడ్డా. వరి పొట్ట మీదున్నది, నీళ్లు లేకుంటె ఎండుతది. వాగు దాటి ఎవలూ వస్తలేరు. నాగేశముంటె వచ్చెటోడు." సులోచన తాళాలు తీసుకుంది. భిక్షపతి రుమాలు చుట్టుకుని పక్కన ఎక్కాడు.

వాగు మధ్యలో చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. బండి ఊగి ఆగింది.

"కాకా, ఇప్పుడేం జెయ్యాలె?"

భిక్షపతి అవతలి గట్టు చూస్తున్నాడు.

"కాకా! చిన్న రాడ్డు గుంజాల్నా?"

పలుకు లేదు. ఆమెకు కోపం వచ్చింది. చిన్న రాడ్డు తానే గుంజింది. క్లచ్ తొక్కి, వదిలి, మళ్లీ తొక్కి మొదటి గేరు వేసింది. బండి మూలిగి, ఇసుక చిమ్ముకుంటూ గట్టెక్కింది.

బండి ఆపి ఆయన రుమాలు పట్టుకుని లాగింది. "గంత మొత్తుకుంటుంటె పలుకవేంది?"

రుమాలు ఊడి వచ్చింది. రెండు చెవుల్లోనూ పిడికెడంత దూది.

దొంగలా చూసి దూది తీశాడు భిక్షపతి. "నా నోటి సంగతి నాకెర్కనే గద బిడ్డా. గా మోత ఇంటె ఆగుతనా? ఒక్క మాట జారితె నువ్వు స్టీరింగ్ ఇడిచిపెట్టి పోతవ్."

సులోచన తెల్లబోయింది. "అయితె నేను ఆయన ముచ్చట చెప్పింది?"

"ఇన్లే బిడ్డా. ఏడుస్తున్నవని మాత్రం కనవడ్డది." తల దించుకున్నాడు. "ఇప్పుడు చెప్పు. ఇంట."

ఆమె చెప్పబోయి ఆగింది. ఆయన అరచేతిలోని దూది చూసి నవ్వు వచ్చేసింది. ముసలాయన కూడా బిత్తరపోతూనే నవ్వాడు.

మోటారు ఎక్కించుకుని సిద్దిపేటకు తిరిగి వస్తుంటే భిక్షపతి దూది పెట్టుకోలేదు. చాలా దూరం గేర్లు మెత్తగా పడ్డాయి. ఊరి ముందు ఎత్తు దగ్గర ఆమె కాలు జారింది. కర్ర్ర్! భిక్షపతి సీటు పట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. పళ్లు బిగించాడు. చెమట తుడుచుకున్నాడు.

"ఎట్ల పడ్డది కాకా?"

"మంచిగనే పడ్డది బిడ్డా" అన్నాడు, కడుపు పట్టుకునే.